నా గది గోడ

నందిగామ నుంచి వచ్చిన మేస్త్రీ సుభాని, నా గది గోడ మీద సుద్దతో పెద్ద చదరం గీశాడు.

"నా గదిని వంటింట్లో కలిపేస్తున్నారా నాయనా? మరి నా మంచం ఎక్కడేస్తారు?"

"నాకేం తెలుసు మామ్మగారూ! మీ కోడలుగారు పగలగొట్టమన్నారు" అంటూ సుత్తి ఎత్తాడు.

గోడకి అడ్డంగా నిలబడిపోయాను. కోడలు లహరి పరుగున వచ్చి నన్ను పక్కకి లాగింది.

"అయ్యో అత్తయ్యా, అది వంటింట్లోకి కిటికీ! గ్యాస్ కట్టేశానో లేదోనని ఆ మోకాళ్లతో పదిసార్లు లేచొస్తారుగా. ఇక మంచం మీంచే చూసుకోండి."

కిటికీ అమర్చగానే పడుకుని చూశాను. గ్యాస్ కట్టేసే ఉంది. ప్రాణం హాయిగా ఉంది.

"లహరీ! పాల మీద మూత పెట్టలేదేమ్మా?"