పంపరపనస మర్యాద

"తల నిటారుగా పెట్టండి సార్! వెనక్కి నడవమంటే పక్కకి పోతారేం?" గేటు దగ్గర నుంచి అరిచింది సబ్‌ఎడిటర్ గ్వెన్.

"నువ్వు నోరు మూస్తే నడుస్తాను" అన్నాడు బార్నబీ పళ్ళబిగువున. అతని నెత్తిమీద పంపరపనసకాయ ఊగుతోంది.

చియాంగ్‌మాయ్‌లో ఉండే విదేశీయుల కోసం అతను నడిపే ఇంగ్లీషు మాసపత్రిక 'గుడ్ గెస్ట్' ఆఫీసు ఉన్నది బువాఖం గారనే ముసలావిడ ఇంట్లో. అద్దె ఒప్పందం ఇవాళ్టితో సరి. ఆ ఇంటి మీద కాఫీకొట్టువాళ్ళు కన్నేశారు. ముసలావిడ కాదందంటే ముప్ఫయ్యేళ్ళ పత్రిక మూసుకోవడమే. అందుకే మర్యాదలో వీసమెత్తు లోపం రాకూడదు.

ఆ మర్యాదని లోకానికి చాటింది కూడా అతని పత్రికే. ఇల్లు అడగడానికి మొదటిసారి వచ్చినప్పుడు రెండు చేతుల్లోనూ పెట్టెలుండి, బజార్లో కొన్న కాయని నెత్తిన పెట్టుకొచ్చాడు. బువాఖం ఎగాదిగా చూసి, లోపలికి పరుగెత్తి, తనూ ఓ కాయ నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చింది. బార్నబీకి కళ్ళు చెమర్చాయి. 'ఇక్కడ ఇంటివారిని ఇలా పలకరించాలి' అని మొదటి సంచికలోనే రాసేశాడు. ఆ తర్వాత ఆఫీసుకొచ్చిన దొరెవరో కుక్కకి జడిసి వెనక్కి నడిస్తే ఆవిడా వెనక్కి నడిచింది. అదీ అచ్చయింది. ఇప్పుడు ఊళ్ళో ఏ విదేశీయుడు ఇల్లు అద్దెకడిగినా ఇదే తంతు.

వరండాలోంచి బువాఖం కూడా కాయ నెత్తిన పెట్టుకుని, మోకాళ్ళ నొప్పికి మూలుగుతూ, వెనక్కి నడిచి వస్తోంది. వీపూ వీపూ తగలబోయేంతలో బార్నబీకి తుమ్మొచ్చింది. కాయ దొర్లుకుంటూ పోయి మురుక్కాలవలో పడింది.

"కొంప మునిగింది" అంది గ్వెన్.

బువాఖం వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూసింది. కాలవలోకి చూసింది. తన కాయ తీసి బలంకొద్దీ అందులోకే విసిరి, "హాఛ్!" అంది.

బార్నబీ ఊపిరి పీల్చుకున్నాడు. "రాసుకో గ్వెన్. వచ్చే సంచికలో వెయ్యాలి."

"ఇల్లు మీకేలే నాయనా" అంది బువాఖం అరుగుమీద కూలబడి. "కాఫీకొట్టు కుర్రాళ్ళు ఊరికే దణ్ణం పెట్టి కూచున్నారు. ప్రాణానికి హాయిగా ఉంది గానీ, ఇన్నేళ్ళు కలిసున్నాం, మిమ్మల్ని ఎలా పొమ్మంటాను?"

"ఈ కాలం పిల్లలకి ఆచారాలు ఎక్కడ పట్టాయి పెద్దమ్మా!" అని బార్నబీ నిట్టూర్చాడు. "మా పత్రిక చరిత్ర రాస్తున్నాను. ఒక్క ముక్క చెప్పండి. ఈ మర్యాద మీ తాతల నాటిదా, ఇంకా ముందుదా?"

మోకాలు నొక్కుకుంటున్న బువాఖం చెయ్యి ఆగిపోయింది.

"అయ్యో, ఇది మీ దేశంది కాదూ?"