ఇంటి మడి మన్ను

ఊళ్లో ఆ ఏడు తొమ్మిదో పెద్దమనిషి ఫంక్షన్ మైకు మోగుతోంది. పిల్లకి ఏడేళ్లు. మట్టిలోంచి తిండిలోకి చేరిన హార్మోన్ల పుణ్యమా అని ఎవరికీ వింతగా లేదు. మన్ను పరీక్ష గదిలో నాగసుందరికి మాత్రం కాలు నిలవడం లేదు. తన కూతురికి మొన్ననే ఆరు నిండాయి.

రైతు సత్తిరాజు తెచ్చిన మన్నుని మందులో నానబెట్టి, బాగా కుదిపి, వడకట్టి మిషన్లో పోసింది. హార్మోను సున్నా! ఆ హార్మోన్లుండే కోళ్లఫారం ఎరువు లారీలకొద్దీ తోలిన చేనుకి సున్నానా?

"సత్తిరాజు గారూ, ఇది మీ ఇంటికి పండించుకునే మడిలోది కదూ?"

"అందరూ తెచ్చేది అదేగా అమ్మాయ్! అమ్ముకునే చేను మన్ను తెస్తే పచ్చ చీటీ ఎవడిస్తాడు? చీటీ లేందే సంతలోకి రానివ్వరాయె. రాసెయ్, టైమవుతోంది."

ఆ సంతలోనే తను రోజూ వంకాయలు కొంటోంది. నాగసుందరి చీటీ మీద గబగబా రాసి అతని చేతిలో పెట్టింది. "మడి పంట సంతకి. చేను పంట మీ ఇంటికి."

సత్తిరాజు మొహం మాడిపోయింది. "అదేం రాతమ్మా! ఇంట్లో చిన్నపిల్లలున్నారు."

"సంతకొచ్చేవాళ్లంతా ముసలాళ్లేనా?" అంటూ ఆమె పార అందుకుంది. "పదండి చేనుకి."