ఎడమ గోడ కాయిల్

ఫర్నేస్ ఎడమ గోడ సరిగా వేడెక్కడం లేదు.

విద్యుత్ దహనవాటికలో ఉన్నదే ఒక్క ఫర్నేస్. బయట వరండాలో శవాన్ని దించారు. చుట్టూ బంధువులు పడిగాపులు పడుతున్నారు. దాన్ని బాగుచేయాలంటే ఊరు మొత్తానికి మెకానిక్ ఒక్కడే దిక్కు. అందరూ అతన్ని మీటరు అంటారు. ఇంట్లో ఇంకో బిరుదు కూడా ఉంది, చచ్చిన మిక్సీనైనా లేపి కూర్చోబెడతాడని.

ఇవాళ అతనికి సెలవు. అయినా తప్పలేదు.

"ఏమీ అనుకోకయ్యా. నిన్ను కాకపోతే ఇంకెవర్ని పిలవను?" అన్నాడు మేనేజరు. మామూలుగా ఆయన నోటికి పట్టపగ్గాలుండవు.

మీటరు ప్యానెల్ తలుపు తీశాడు. వోల్టేజి రెండువందల ముప్ఫై, సరిగ్గానే ఉంది. ఎడమ గోడకి వెళ్ళే వైరుకి క్లాంప్ మీటర్ తగిలించాడు. ఇరవై మూడు ఆంపియర్లు. ఉండాల్సింది నలభై ఆరు.

"రెసిస్టెన్స్ ఎంతొచ్చింది?" అన్నాడు మేనేజరు.

"ఐదువేల రెండువందల తొంభై సార్."

"ఓమ్‌లా? అవి వాట్లు కదయ్యా!"

మీటరు నాలుక కరుచుకున్నాడు. భాగించాల్సిన చోట గుణించేశాడు. నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పని మనిషి. సెలవు రోజు పనంటే ఎవరి బుర్రైనా అంతే మరి.

"పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?"

"లేదు సార్. పది ఓమ్‌లు. ఉండాల్సింది ఐదు. జంట కాయిల్స్‌లో ఒకటి తెగింది. రెండోదే కాగుతోంది. అందుకే సగం పవరు."

"సగంతోనే కానిచ్చేద్దామా?"

"వద్దు సార్. ఒక పక్క కాలి, ఇంకో పక్క మిగిలిపోతే?"

మేనేజరు వెళ్ళి స్టోర్‌లోంచి కొత్త కాయిల్ తెచ్చిచ్చాడు.

మెయిన్ ఆపి, లోపలి వేడి చల్లారాక కాయిల్ పట్టుకుని మీటరు ఫర్నేస్‌లోకి దూరాడు. లోపల నిలబడే వీల్లేదు. మోకాళ్ళకి ఇటుకలు గుచ్చుకుంటున్నాయి. నట్టు చేతిలోంచి జారిపడింది. వెతికి బిగించబోతే మళ్ళీ జారింది.

బంధువుల్లో ఒక పెద్దాయన లోపలికి తొంగిచూశాడు. "ఇంకా ఎంతసేపు నాయనా? ఆడవాళ్ళు కూలబడిపోతున్నారు."

"అయిపోవచ్చిందండీ," అన్నాడు మీటరు లోపల్నుంచే.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బాగుచేస్తే బయటున్న మనిషి కాసేపట్లో బూడిద. చేయకపోతే ఆ గచ్చు మీదే పడి ఉండాలి. ఇన్నేళ్ళ సర్వీసులో ఎప్పుడూ రాని పాడు ఆలోచన ఒకటి వచ్చింది, ఇది బాగుపడకపోతే బాగుండునని. కానీ పాపిష్టి చేతులు, నేర్చిన పని మానవు. మూడోసారి నట్టు బిగుసుకుంది.

బయటికొచ్చి మెయిన్ వేశాడు. నలభై ఆరు ఆంపియర్లు. భాగించాడు, ఐదు ఓమ్‌లు. గుణించాడు, పదివేల ఐదువందల ఎనభై వాట్లు. ఈసారి తప్పలేదు. లెక్కలో ఎక్కడా వంక లేదు. ఎడమ గోడ నెమ్మదిగా ఎర్రబడింది.

మేనేజరు అతని చేతిలోంచి క్లాంప్ మీటర్ తీసుకున్నాడు. "ఇక ప్యానెల్ దగ్గర నేనుంటాలే. నువ్వు వెళ్ళు."

"సరే సార్," అన్నాడు మీటరు, చేతులకంటిన మసి చొక్కాకే తుడుచుకుంటూ, "నేను వెళ్ళి మా అమ్మను లోపలికి తీసుకొస్తాను."