వందలాది

పడవ దిగుతూనే డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ఈ లంకలో జనం ఎంతమంది అని.

అది 1969. వరద తగ్గి నాలుగు రోజులైంది. కొల్లూరు దగ్గర ఆ లంకలో కలరా సోకింది. డాక్టరమ్మ ఇటలీ నుంచి వచ్చి నెల కాలేదు. తెలుగు రాదు, ఇంగ్లీషూ అంతంతే.

రేపల్లెలో పంతులుగా ఉన్న జ్ఞానానందం ఆమె వెంట దుబాసీగా వచ్చాడు. చర్చి ఫాదరు దగ్గర ఆయన కాస్త ఇటాలియన్ నేర్చుకున్నాడు.

గట్టు మీద నిలబడ్డ రాఘవమ్మ అనే ముసలామెను అడిగాడు.

"వందలాదిమందిమి ఉన్నాం నాయనా," అంది.

"చెంతో," అన్నాడు జ్ఞానానందం డాక్టరమ్మతో.

వందమందికి టీకామందు పంపమని ఆమె తెనాలికి చీటీ రాయసాగింది.

"మేస్టారూ," అన్నాడు పడవ నడిపిన మనిషి. "చెంతో అంటే సరిగ్గా వందేనండి. వందలాది అనాలంటే చెంతినాయా అనాలండి."

జ్ఞానానందానికి తల కొట్టేసినట్టయింది.

"నీ పడవ సంగతి నువ్వు చూసుకో."

డాక్టరమ్మ మాత్రం చెంతినాయా అన్న మాట విని, కలం ఆపి పడవ మనిషినే అడిగింది. అతను చేత్తో లంకంతా చూపించి, "ఉన్ మిల్యాయో" అన్నాడు. ఓ వెయ్యిమంది అని.

ఆమె చీటీ కొట్టేసి మళ్లీ రాసింది.

మర్నాడు మందు వచ్చింది. సాయంత్రానికి చంటిపిల్లలతో సహా అందరికీ సూదులు పడ్డాయి. ఆ తర్వాత లంకలో ఒక్క ప్రాణమూ పోలేదు.

జనం జ్ఞానానందానికి దండ వేశారు. ఆయన కాదనలేదు.

పడవ మనిషి పేరు జమాలుద్దీన్ అని, కొల్లూరు వాడని తర్వాత తెలిసింది. వెళ్లి ఒక మంచిమాట చెప్పి రావాలనుకుంటూనే జ్ఞానానందం ఆరేళ్లు గడిపేశాడు.

చివరికి వెళ్లేసరికి జమాలుద్దీన్ పోయి ఏడాదైంది. భార్య హుస్సేన్ బీ మంచం వాల్చి, టీ ఇచ్చింది.

ఆ దండ మీ ఆయనకు పడాల్సిందమ్మా అని జ్ఞానానందం ఒప్పుకున్నాడు. ఆమె నవ్వింది.

"దండ ఊసు ఆయనెప్పుడూ ఎత్తలేదు మేస్టారూ. సూదులేసిన రోజు ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాడు. పిల్లల్ని భుజాలెక్కించుకుని వీధంతా తిప్పాడు. అంత సంతోషంగా నేనెప్పుడూ చూళ్లేదండి."

ఆయనకు ఇటాలియన్ ఎలా వచ్చిందని అడిగాడు జ్ఞానానందం.

"తెల్లోళ్ల పటాలంలో చేరి, యుద్ధంలో పట్టుబడి రెండేళ్లు ఇటలీలోనే ఖైదులో ఉన్నాడండి," అంది హుస్సేన్ బీ. "మనవాళ్లు వందలాదిమంది జ్వరాన పడితే, మందు వందమందికే వచ్చిందంట. డాక్టరుకి లెక్క చెప్పింది ఆయనేనండి, అప్పటికి ఆయనకి వచ్చిన మాట చెంతో ఒక్కటే."