మెడ మీద నెలవంక

"కదలొద్దని ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు?"

చిత్రకారుడు బ్రష్షు బల్ల మీద విసిరాడు.

కుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఉలిక్కిపడి, పాదాలు రెండూ మళ్ళీ సుద్దగీతల్లోకి లాక్కుంది.

మోడల్ మధ్యలో లేచి వెళ్ళొచ్చినా మళ్ళీ అదే తీరులో కూర్చోవాలని, పాదాల చుట్టూ నేల మీద సుద్దతో గీసి పెట్టడం అతని అలవాటు. అందరి పాదాలూ ఆ గీతల్లోనే ఉంటాయి. ఈవిడవి మాత్రం ఎప్పుడు చూసినా గీత దాటి హాలు వైపు తిరిగిపోతాయి.

హాల్లో గోడకి, అతనికి పేరు తెచ్చిపెట్టిన బొమ్మ ఉంది.

వరద నీళ్ళలో నడిచిపోతున్న ఒక ఆడమనిషి. మనకి వీపే కనిపిస్తుంది. ఆమె వీపుకి అంటుకుని, మొహం అటు తిప్పుకున్న ఒక పిల్లాడు. ఆమె మెడ మీద, జుట్టు ముడి కింద, ఎర్రటి నెలవంక.

ఆ నెలవంక మీద పండితులు పేజీలకి పేజీలు నింపారు. తల్లితనానికి గుర్తన్నారొకరు. చీకట్లో ఆశ అన్నారింకొకరు. అతను అందరికీ తలూపాడు.

"ఈ బొమ్మకి ప్రేరణ ఏమిటండీ?" అని ఎవరడిగినా ఒకటే జవాబు.

"ఊహ."

అది అబద్ధం. నిజం చెబితే వెనకాలే ఇంకో ప్రశ్న వస్తుంది. దానికి అతని దగ్గర జవాబు లేదు. అందుకే ఆ బొమ్మ ముందు నుంచి వెళ్ళేటప్పుడు, సొంతింట్లోనే దొంగలా తల తిప్పుకుంటాడు.

ఇప్పుడు పెద్దావిణ్ణి కసిరినందుకూ మనసు పీకింది. మన్నించమని అడుగుదామనుకున్నాడు. అడిగే బదులు మళ్ళీ బ్రష్షు అందుకున్నాడు.

ఆవిడ తనంతట తానే వచ్చింది. ఫ్రేములు కట్టే కొట్లో ఆ వరద బొమ్మ నకలు చూసి, గీసినాయన ఇల్లెక్కడని వాకబు చేసుకుంటూ వచ్చింది.

"బొమ్మకి మనుషుల్ని కూర్చోబెడతారటగా బాబూ. నేను పనికొస్తానా?"

ఎదురుచూపు మీద బొమ్మ మొదలెట్టి, తగిన మొహం దొరక్క అతను జుట్టు పీక్కుంటున్న రోజులవి. వెతకబోయిన తీగ కాలికి తగిలిందని సంబరపడ్డాడు.

ఒళ్ళు, చేతులు, బట్టల మడతలు అన్నీ కుదిరాయి. కళ్ళు ఎప్పుడూ ఆఖర్న వేస్తాడు. ఆ కళ్ళే రావడం లేదు.

"బాబూ, ఒక్క మాట అడగనా?"

"బొమ్మకి నోరుండదమ్మా. మొదటిరోజే చెప్పాను."

"ఒక్కటే బాబూ. మళ్ళీ నోరెత్తను."

"సరే, కానీ."

"ఆ హాల్లో బొమ్మలో... ఆ పిల్లాడు బతికాడా?"

అతని చెయ్యి ఆగింది. ఇంతవరకూ అందరూ నెలవంక గురించే అడిగారు. పిల్లాడి సంగతి ఎవరూ అడగలేదు. భయమేస్తే అతనికి కోపమొస్తుంది.

"పిల్లాడూ లేడు, గిల్లాడూ లేడు! అదంతా నా ఊహ."

"ఊహేనా?"

"ఊహే."

"మరి మెడ మీద అదేంటి బాబూ?"

"చందమామ. తల్లితనానికి గుర్తు. పెద్దపెద్దవాళ్ళే రాశారు."

"అలాగా. నేనే ఏదో అనుకున్నా."

ఆవిడ పాదాలు సుద్దగీతల్లో సర్దుకుంది. ఇక కదల్లేదు. ఇన్నాళ్ళూ ఆ కళ్ళలో కొట్టుమిట్టాడినదేదో ఆగిపోయింది.

"అదీ! అలాగే ఉండు! అలాగే!"

చకచకా వేశాడు. ఎదురుచూసి కాయలు కాసిన కళ్ళు, ఉన్నవి ఉన్నట్టు దిగాయి.

ఆవిడ వెళ్ళాక బొమ్మ ముందు నిలబడ్డాడు. సంతోషం రావాలి. రాలేదు. ఎవరి కంచంలోదో లాక్కుని తిన్నట్టుంది.

భార్య టీ తెచ్చింది.

"ఆవిడ ఉందా? ఊరికే కసిరాను. ఒక మాట చెప్పాలి."

"ఇంకెక్కడ? ఈపాటికి బస్సెక్కేసి ఉంటుంది. రేపట్నించి రాదట. వచ్చిన పని అయిపోయిందంది."

"ఏ ఊరు?"

"ఏమో. మీరు ఆవిణ్ణి నోరు విప్పనిస్తేగా! పేరు కూడా అడగలేదు మనం."

అతను టీ అందుకున్నాడు.

"వెళ్తూ వెళ్తూ ముడి ఊడిపోతే నేనే వేశాను. పాపం, మెడ మీద ఇంత పాత మచ్చ. ఏంటి పెద్దమ్మా ఇది అంటే నవ్వింది."

"ఏమంది?"

"'మీ ఆయన బొమ్మలో ఉన్నది చందమామటమ్మా. నేను పంటిగాటనుకుని ఇంత దూరం వచ్చాను' అంది. ఎప్పుడో వరదలో ఎవరి బిడ్డనో వీపున ఎక్కించుకుని తీసుకెళ్ళి పడవలోకి అందించిందట. భయానికి కొరికేశాడట వెధవ. ఆ పడవ ఒడ్డుకి చేరిందో లేదో ఇప్పటికీ తెలీదట."

చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు.

బస్టాపులో ఎవరూ లేరు.

తిరిగొచ్చేసరికి కుర్చీ ముందు సుద్దగీతలు ఖాళీగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చోబెట్టుకుని మొహమే చూశాడు. 'ఒక్కసారి అటు తిరుగమ్మా' అన్నా సరిపోయేది.

నిజం చెబితే వస్తుందని అతను భయపడ్డ ప్రశ్న ఒకటే: 'మరి ఆవిడ కోసం వెతికారా?' వెతకలేదు. బొమ్మ గీశాడు. గీస్తే రుణం తీరిపోతుందనుకున్నాడు.

ఆనాడు వరదలో భయంతో ఆమె మెడ కొరికిన నోరే, ఇవాళ ఆమె అడిగితే, పిల్లాడే లేడని చెప్పింది.