హాల్లో ప్రింటర్

"నేను ప్రింట్లు తియ్యలేదంటే తియ్యలేదు. కావాలంటే కాగితాల కట్ట చూడు. పైన రెండు కాగితాలు కూడా కదల్లేదు" అంది శాలిని మళ్ళీ.

"మరి ఇంకు ఆవిరైపోయిందా?" అన్నాడు పాల్. "మొన్న ఒకటో తారీకునేగా కార్ట్రిడ్జి మార్చాను."

"పోయిన నెలా ఇదే గొడవ. అంతకు ముందు నెలా ఇదే." అంతోని కుర్చీ ప్రింటర్ దగ్గరకి లాక్కున్నాడు.

తెరేసమ్మ వంటింటి గుమ్మంలోంచి ముగ్గురినీ చూస్తోంది. పొయ్యి మీద నూనె కాగుతోంది. మిరపకాయ బజ్జీలకి పిండి మధ్యాహ్నమే కలిపి పెట్టింది.

భర్తా పిల్లలూ ఇలా ఒకచోట చేరేది ఇంకు అయిపోయిన సాయంత్రాల్లోనే. మామూలు రోజుల్లో అంతోని ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్స్ కొట్టు కట్టేసి వచ్చి, కంచం పట్టుకుని పడకగదిలో టీవీ ముందు కూర్చుంటాడు. పాల్ తలుపు వేసుకుని కంపెనీ పని చేసుకుంటాడు. చెవుల్లో ఆ బుడిపెలు ఉన్నంతసేపూ పిలిచినా వినబడదు. శాలినికి బి.ఇడి. రికార్డులు, ఫోను.

ఒకప్పుడు అన్నాలకి ముందు నలుగురూ ఈ హాల్లోనే మోకరించి జపమాల చెప్పుకునేవాళ్ళు. ఎవరి వేళలు వాళ్ళవయ్యాక అది ఆగిపోయింది. ఇప్పుడు తెరేసమ్మ ఒక్కతే చెప్పుకుంటుంది. మొదటి సగం ఆవిడే, జవాబు సగమూ ఆవిడే.

"ఇది మా ఆటోనగర్ లెక్కేరా" అంటున్నాడు అంతోని. "మిషను చవగ్గా అంటగడతారు. ఆ తర్వాత స్పేర్లలో పిండుకుంటారు. కొనేటప్పుడు మనం ధర చూశాం గానీ మైలేజీ చూళ్ళేదు."

"దీంట్లో పేజీకి ఐదారు రూపాయలు పడుతోంది నాన్నా. సీసాతో ఇంకు పోసుకునే ట్యాంకు ప్రింటరైతే పైసల్లో పోద్ది."

"మరి లేజరు?"

"లేజరైతే వాడకపోయినా ఎండిపోదు. కానీ మనం కొనగలిగిన దాంట్లో రంగులు రావు. రంగుల్లేకపోతే శాలిని ఏడుస్తుంది."

"నేనెందుకేడుస్తానన్నయ్యా, నీ జీతంతో రంగులది కొనిపెడతావుగా."

అంతోని నవ్వాడు. తెరేసమ్మ బజ్జీల పళ్ళెం మధ్యలో పెట్టింది. మూడు చేతులు ఒకే పళ్ళెంలో పడ్డాయి.

"ఉల్లిపాయ లేదా?" అన్నాడు అంతోని.

ఎక్కడ లేచిపోతారో అన్నట్టు, ఆవిడ పరుగున వెళ్ళి తరిగి తెచ్చింది.

ఫోనులో ఏదో చదువుతున్న పాల్ తలెత్తాడు. "ఇదీ సంగతి. ఆన్ చేసినప్పుడల్లా ఈ మిషను లోపల తనని తాను కడుక్కుంటుందంట. నీళ్ళతో కాదు, ఇంకుతోనే. ఒక్క పేజీ తియ్యకపోయినా కార్ట్రిడ్జి ఖాళీ అయిపోద్ది."

ముగ్గురూ తెరేసమ్మ వైపు తిరిగారు.

"అమ్మా, దీని స్విచ్చి నువ్వేనా తీసేది?"

"దుమ్ము తుడిచేటప్పుడు తీస్తాను. కరెంటు దండగ కదరా."

"మళ్ళీ వేస్తావా?"

"పని చేస్తుందో లేదోనని వేసి చూస్తాను."

"రోజూనా?"

"రోజుకి నాలుగైదు సార్లు. పగలు నాకింకేం పని?"

అంతోని పొట్ట పట్టుకుని నవ్వాడు. "విన్నారా? మీ అమ్మ అర్ధరూపాయి కరెంటు మిగిల్చి బకెట్టుడు ఇంకు పారబోసింది."

"నవ్వకండి నాన్నా. అమ్మకేం తెలుసు పాపం" అంది శాలిని.

"నిరుడు రిపేరుకొచ్చినతను నీకీ ముక్క చెప్పలేదా?" అంతోని భార్యని అడిగాడు.

"ఏదో చెప్పాడులెండి."

"సరే, ట్యాంకుదే తీసుకోరా పాల్. ఈవిడ అలవాటు ఈవిడ మానదు. అదైతే ఎన్నిసార్లు వేసుకున్నా సీసాల కొద్దీ ఇంకుంటది."

"ఇక ఏడాది దాకా ఇంకు మాటే ఉండదు నాన్నా. పైగా ఎవరి గదిలోంచి వాళ్ళం ఫోనులోనే ప్రింటు కొట్టుకోవచ్చు. కాగితాలు అమ్మ తెచ్చిస్తుంది. మనం హాల్లోకి రావాల్సిన పనే లేదు."

తెరేసమ్మ ఖాళీ పళ్ళెం తియ్యబోయి ఆగిపోయింది. ఆ ఏడాది ఎంత పొడుగ్గా ఉంటుందో ఆ నలుగురిలో ఆవిడకొక్కదానికే కనబడింది.

"మరి ఆర్డరు నొక్కేస్తున్నా. ఎల్లుండికి వచ్చేస్తుంది" అన్నాడు పాల్.

శాలిని ఫోను తీసుకుని లేచింది. అంతోని లుంగీ సర్దుకుంటూ లేచాడు. పడకగదిలో ఆపకుండా వచ్చిన టీవీ ఇంకా మోగుతోంది.

"నొక్కకురా. కాసేపు కూర్చోండి" అంది తెరేసమ్మ.

ఆవిడ అలా అనడం వాళ్ళకి కొత్త. ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్ళీ కూర్చున్నారు. తెరేసమ్మ కొంగుకి చేతులు తుడుచుకుని, ఖాళీగా ఉన్న నాలుగో కుర్చీలో కూర్చుంది. గొంతు పెంచలేదు.

"కొత్తదేం కొనొద్దు, రేపట్నుంచి ఆ స్విచ్చి నేను ముట్టుకోను... వేసినప్పుడల్లా ఇంకు తాగుతుందని నాకు ఆ రిపేరతను చెప్పినప్పట్నుంచీ తెలుసు."