జిన్నింగు మిల్లులో టెహ్రాన్

ట్రాన్సిస్టరులో సాయంత్రం వార్తలు మొదలవగానే గురునాథం దగ్గరకు జరిగాడు.

టెహ్రానులో బందీలుగా ఉన్న అమెరికా దౌత్య సిబ్బంది విడుదల దగ్గరపడినట్లే కనిపిస్తోందని, అల్జీరియా నడిపిన రాయబారం తుది ఘట్టానికి చేరుకున్నదని చదివి, వార్తలు చదివే ఆవిడ వేరే విషయానికి వెళ్ళిపోయింది.

"ఏడాది పైన పట్టింది," అన్నాడు మేనేజరు త్యాగరాజు, కారియరు గిన్నెలు విప్పుతూ. "రావయ్యా గురునాథం, రెండు ముద్దలు తిను."

"సయించటం లేదండీ."

ప్రత్తిపాడు శివార్లలోని ఆ పత్తి మిల్లు ఆఫీసు గదిలో, నిన్న పొద్దున తలుపుకు తాళం పడింది మొదలు వాళ్ళిద్దరే ఉన్నారు. గురునాథం పత్తి బోరాలు తూచే చోట పనిచేస్తాడు. కిటికీకి ఇనుప ఊచలు. బయట ఆవరణ నిండా జనం. పనిలోంచి తీసేసిన ఆడకూలీలను మళ్ళీ తీసుకుంటానని మేనేజరు సంతకం పెట్టేదాకా ఆ తలుపు తెరుచుకోరాదని కూలీలందరూ ఒట్టు వేసుకున్నారు. గేటు అవతల పోలీసులు పై ఉత్తర్వుల కోసం కాచుకుని ఉన్నారు.

సంతకం తన చేతిలో లేదంటాడు త్యాగరాజు. బెదిరింపుకు లొంగితే ఉద్యోగం ఊడుతుందని గుంటూరు నుంచి యజమాని అప్పుడే కబురంపాడు.

నిన్న రాత్రి ఆ గదిలో సుఖంగా నిద్రపోయింది మేనేజరే. గురునాథానికి కునుకు పట్టలేదు. అతని భార్య కనకలక్ష్మికి నెలలు నిండాయి. తొలి కాన్పు.

ఊచల వెనుక కెటిల్ చప్పుడైంది. మిల్లు ముందు టీకొట్టు నడిపే మాబు సాహెబ్. బయటి మాట లోపలికీ, లోపలి మాట బయటికీ మోసేది అతనే.

"ఏమయ్యా అల్జీరియా, ఏమంటున్నారు?" అన్నాడు త్యాగరాజు.

"మీకు నవ్వులాటగా ఉంది సార్. ఆ దేశానికైతే విమానాలుంటయ్. నాకు ఈ కెటిలేగా!" అని, మాబు సాహెబ్ గొంతు తగ్గించాడు. "అబ్బాయ్ గురునాథం, మీ ఆవిడకి నొప్పులొచ్చినయ్. మంత్రసాని నా వల్ల కాదంది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మా ఇంటామె మౌలాబీ తోడెళ్ళింది."

గురునాథం రెండు చేతులా ఊచలు పట్టుకున్నాడు. "బయట మనవాళ్ళకి చెప్పావా భాయ్?"

"చెప్పకుండా ఉంటానా? ఒక్క పూట తలుపు తీయనియ్యండ్రా, పెళ్ళాన్ని చూసొస్తాడన్నా. ఇదంతా మేనేజరు ఆడిస్తున్న నాటకం అన్నాడు మీ జక్రయ్య. సంతకం పడకుండా తలుపు తీసినోడు అమ్ముడుపోయినోడేనంట."

"జక్రయ్యా ఆ మాటన్నది?"

"అన్నది వాడే. తలకాయలూపింది అందరూ."

త్యాగరాజు చెయ్యి తుడుచుకుంటూ లేచి వచ్చాడు.

"అక్కడా ఇదే తంతు గురునాథం. ముందు మెత్తబడినవాడు ఓడినట్లు లెక్క. అందుకే అమెరికావాడు, ఇరాన్‌వాడు ఎదురుబొదురుగా కూర్చోనేలేదు. చెప్పవలసినదంతా అల్జీరియా చేత చెప్పించుకున్నారు. రేపు ఎవరి ఊళ్ళో వాళ్ళు మేమే గెలిచామని చెప్పుకోవచ్చు."

"మనకీ అట్లాంటిదేదో చూడండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటా."

త్యాగరాజు ఒక దారి కనిపెట్టాడు. సంతకం ఉండదు. ఆడకూలీల సంగతి ఊరి పెద్దల ముందు విచారణకు పెడతారని మాబు సాహెబ్ తన నోటితో ప్రకటిస్తాడు. మేనేజరు లొంగినట్లూ కాదు, కూలీలు వదులుకున్నట్లూ కాదు.

మాబు సాహెబ్ ఆ మాటలను రెండుసార్లు వల్లించుకుని వెళ్ళాడు. ముందు గుసగుసలు, తర్వాత అరుపులు వినిపించాయి. తిరిగి వచ్చినప్పుడు అతని చొక్కా జేబు చిరిగి ఉంది.

"నన్నూ అమ్ముడుపోయానన్నారు. అల్జీరియాకి ఇట్లాంటి మర్యాద జరిగిందా సార్?"



తెల్లవారింది. పత్తి నూగు మీద ఎండ పడింది. కళ్ళాల్లో ఆరబోసిన మిరప ఘాటు గాలితో పాటు గదిలోకి వచ్చింది. త్యాగరాజు ట్రాన్సిస్టరు పెట్టాడు. అమెరికాలో కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసిన కాసేపటికే, బందీలందరితో విమానం టెహ్రాను నుంచి బయలుదేరింది.

"బయటపడ్డారు," అన్నాడు గురునాథం. "వాళ్ళు కూడా బయటపడ్డారు."

అంతలోనే మాబు సాహెబ్ కిటికీ దగ్గరకు పరుగెత్తుకుని వచ్చాడు. ఈసారి చేతిలో కెటిల్ లేదు.

"ఆపరేషన్ చెయ్యాలంట గురునాథం. మౌలాబీ కబురంపింది. బిడ్డ అడ్డం తిరిగిందంట. కనకలక్ష్మి నీ పేరే కలవరిస్తోందంట. నిన్ను ఒక్కసారి చూపించమని అక్కడి డాక్టరమ్మే అడుగుతోందంట."

త్యాగరాజు గురునాథం భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు వెళ్ళి తీరాలయ్యా. నా సంగతి ఆలోచించకు. పరువుదేముంది, మళ్ళీ సంపాదించుకోవచ్చు. మనిషి పోతే మళ్ళీ దక్కదు."

గురునాథం లేచాడు. తలుపు దాకా నడిచాడు. చల్లటి ఆ చెక్కకు నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని, "కనకం," అన్నాడు.

కిటికీలోంచి జనం అతన్ని చూశారు.

మరుక్షణం "గురునాథం అన్నా, జిందాబాద్!" అంటూ వాళ్ళందరూ ఒక్కుమ్మడిగా పిడికిళ్ళెత్తడంతో, కూలీల సంఘం కార్యదర్శి గురునాథం, మేనేజరును బంధిస్తూ తానే లోపలినుంచి వేసిన ఆ తాళం చెవిని తిరిగి మొలతాడుకు ముడివేసుకున్నాడు.